తుప్పు పట్టిన పాత పికప్ ట్రక్‌కి ఇంట్లోనే కొత్త ప్రాణం.. 20 నిమిషాల వీడియోలో కనిపించని అసలు పని ఇదే!

ఫోన్‌లో వీడియోలు చూస్తూ పోతుంటే ఇలాంటిది ఒకటి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. గడ్డిలో కూరుకుపోయిన పాత పికప్ ట్రక్. టైర్లలో గాలి లేదు, అద్దం పగిలింది, బానెట్ నిండా తుప్పు. ఒకాయన వచ్చి దాన్ని ఇంటికి లాక్కెళ్తాడు. గ్రైండర్ మోత, నిప్పురవ్వలు, బూడిద రంగు ప్రైమర్.. 20 నిమిషాలు తిరిగేసరికి అదే బండి షోరూం నుంచి దిగినట్టు మెరుస్తూ రోడ్డెక్కుతుంది. చూసినవాళ్లలో చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే.. మనమూ ఒకటి చేస్తే?

చేయొచ్చు. ఇంజనీరింగ్ చదవనివాళ్లు కూడా ఇంటి గ్యారేజ్‌లో, సెలవు రోజుల్లో ఇలాంటి బండ్లు సిద్ధం చేసుకున్నారు. కానీ ఆ 20 నిమిషాల వెనుక నెలలు, చాలాసార్లు ఏళ్లు ఉంటాయి. ఉత్సాహంగా విప్పేసి, మళ్లీ బిగించలేక అట్టపెట్టెల్లో సామానుగా అమ్మేసిన బండ్లూ ఎన్నో ఉన్నాయి. వాటి వీడియోలు మాత్రం ఎవరూ పెట్టరు.

ఇలాంటి ప్రాజెక్టులు ఆగిపోవడానికి కారణం పైకి కనిపించే తుప్పు కాదు. లోపల దాక్కున్న తుప్పును కొనే ముందు చూడకపోవడం ఒకటి.. పని వరస తప్పడం రెండోది. ఈ రెండూ డబ్బును మింగేస్తాయి. వరస మరీ తప్పితే ప్రాణాల మీదకూ వస్తుంది. అమెరికాలో ఇంటి గ్యారేజ్‌లకు బాగా పరిచయమైన ఒక పాత పికప్‌నే ఉదాహరణగా తీసుకుంటే ఈ కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఏంటా ట్రక్? ఎందుకంత క్రేజ్?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 వేసవిలో షెవర్లే కంపెనీ కొత్త రకం ట్రక్కులను మార్కెట్‌లోకి తెచ్చింది. పేరు 'అడ్వాన్స్ డిజైన్'. ఉబ్బెత్తు మడ్‌గార్డులు, ముందు అడ్డంగా ఐదు పట్టీల గ్రిల్, గుండ్రటి క్యాబిన్. 1955 మొదటి నెలల దాకా ఈ సిరీస్ ట్రక్కులు తయారయ్యాయి. వీటిలో చిన్నది, అర టన్ను తరగతికి చెందినది 3100 మోడల్. ఇప్పుడు ఇళ్లలో బాగు చేసే పాత పికప్‌లలో దీనిది ప్రత్యేక స్థానం.

దీని బలం దీని సింపుల్ నిర్మాణమే. కంప్యూటర్లు లేవు, సెన్సార్లు లేవు. ఆరు సిలిండర్లు వరసగా ఉన్న పెట్రోల్ ఇంజిన్, సుమారు 3.5 లీటర్లు, 90 హార్స్‌పవర్ దాకా శక్తి. కరెంటు 6 వోల్టులే. బానెట్ ఎత్తితే ఏ భాగం ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, చెయ్యి పెట్టడానికి చోటు ఉంటుంది.

ఇంకో సౌకర్యం.. దీని బాడీ వేరు, కింద ఛాసిస్ వేరు. బోల్టులు విప్పితే క్యాబిన్‌ను విడిగా పైకి లేపేయొచ్చు. ఇక డోర్ రబ్బరు నుంచి క్యాబిన్ ఫ్లోర్ రేకు దాకా కొత్తగా తయారుచేసిన విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. మొదటిసారి పని మొదలుపెట్టేవాళ్లకు ఇది చాలా పెద్ద ఊరట. అరుదైన బండిని ఎంచుకుంటే, ఒక చిన్న హ్యాండిల్ కోసం నెలల తరబడి వెతుక్కోవాల్సి వస్తుంది.

తుప్పు అంటే కేవలం రంగు మారడం కాదు

ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. దానికి ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. సముద్రం దగ్గర విశాఖలోనో, కాకినాడలోనో బండి నడిపేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో మంచు పడే ఉత్తరాది రాష్ట్రాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు బండి అడుగుభాగాన్ని తినేస్తుంది. అందుకే అరిజోనా లాంటి పొడి ఎడారి రాష్ట్రాల్లో పడి ఉన్న పాత ట్రక్కులకు అక్కడ గిరాకీ ఎక్కువ. ఎండకు రంగు పోయి ఉంటుందేమో గానీ రేకు గట్టిగా ఉంటుంది.

తుప్పుతో అసలు చిక్కు ఏంటంటే.. అది తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంటే రేకు ఉబ్బుతుంది. పైనున్న పెయింట్‌ను లేపుతుంది. ఆ సందులోంచి మళ్లీ నీరు లోపలికి వెళ్తుంది. పెయింట్ మీద చిన్న బుడగ కనిపించిందంటే, లోపల దానికంటే పెద్ద మచ్చే ఉంటుంది.

పని లెక్కలో తుప్పు మూడు రకాలు. మొదటిది పైపై తుప్పు. ఎర్రగా భయపెడుతుంది గానీ ఇనుప బ్రష్‌తో రుద్దితే కింద మంచి లోహం తగులుతుంది. రెండోది గుంటలు పడ్డ తుప్పు. రేకు పల్చబడి ఉంటుంది, కొంత కాపాడొచ్చు. మూడోది రేకును తినేసిన తుప్పు. ఇక్కడ శుభ్రం చేయడానికి ఏమీ మిగలదు. కోసి కొత్త రేకు అతకాల్సిందే.

కొనే ముందు ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్ చాలు

బానెట్ మీద తుప్పు చూసి వెనక్కి తగ్గేవాళ్లుంటారు. నున్నటి పెయింట్ చూసి మురిసిపోయేవాళ్లూ ఉంటారు. రెండూ పొరపాటే. బానెట్ విప్పి మార్చేయొచ్చు. చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

ఈ తరం పికప్‌లలో నీళ్లు, మట్టి చేరి నిలిచిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. క్యాబిన్ వెనుక కింది మూలలు, డోర్ కింద ఉండే పట్టీ, డోర్ అడుగు అంచు, డ్రైవర్ పాదాల కింద రేకు, ముందు అద్దం కింద గాలి వచ్చే కంత చుట్టూ. అన్నింటికంటే ముఖ్యం.. క్యాబిన్ ఛాసిస్ మీద కూర్చునే మౌంట్లు. అవి తినేసి ఉంటే క్యాబిన్ బరువంతా సరైన ఆధారం లేకుండా ఉన్నట్టే.

పరీక్ష చాలా తేలిక. స్క్రూడ్రైవర్ పిడితో ఆ చోట్ల మెల్లగా కొట్టాలి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు మందంగా, చచ్చిన శబ్దం చేస్తుంది. మొనతో నొక్కితే లోపలికి దిగిందంటే అక్కడ రేకు లేనట్టే.

ఇక అయస్కాంతం. దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుతూ పోవాలి. ఇనుము మీద అతుక్కుంటుంది. ఎక్కడైనా పట్టు వదిలిందంటే ఆ పెయింట్ కింద ఉన్నది రేకు కాదు.. లప్పం. మన టింకరింగ్ షెడ్లలోనూ పాత కారు చూసేవాళ్లు వాడే చిట్కానే ఇది. సొట్ట మీద పల్చటి లప్పం పూత మామూలే. కంతను లప్పంతో మూసేస్తేనే మోసం. లోపల తుప్పు హాయిగా పెరుగుతూనే ఉంటుంది.

చివరగా బండి కిందికి వంగి ఛాసిస్ చూడాలి. రెండు పొడవాటి పట్టాలు నిటారుగా ఉన్నాయా, ఎవరైనా అడ్డదిడ్డంగా వెల్డింగ్ చేశారా.. ఇవి తేలాలి. క్యాబిన్ రేకు ఇంట్లో మార్చుకోవచ్చు. వంగిన, విరిగిన ఛాసిస్ మాత్రం ఇంటి ప్రాజెక్టు కాదు.

కాగితాలు కూడా అంతే ముఖ్యం. అమెరికాలో యాజమాన్య పత్రం లేని బండి చవగ్గా వస్తుంది. కానీ బాగు చేశాక రోడ్డెక్కించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి ఉంటుంది. మన దగ్గరైతే ఆర్సీ, అందులోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్న నంబర్లతో కలుస్తున్నాయా అన్నది మొదట చూసుకోవాలి.

ఒక్క నిర్ణయం.. విప్పక ముందే

బండి ఇంటికొచ్చాక పానా పట్టుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. చివరికి ఈ బండి ఏం కావాలి?

దారులు మూడు. ఒకటి, పాత పెయింట్, వయసు మచ్చలు అలాగే ఉంచి, భద్రంగా నడిచేలా చేయడం. రెండు, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే తయారు చేయడం. మూడు, పైకి పాత రూపం ఉంచి లోపల కొత్త ఇంజిన్, డిస్క్ బ్రేకులు, ఏసీ పెట్టడం.

మొదటిది తక్కువ ఖర్చు, తక్కువ సమయం. రెండోదానికి ఓపిక, పరిశోధన కావాలి. ఉదాహరణకు ఈ ట్రక్‌కి 1953 దాకా ముందు అద్దం రెండు ముక్కలు, 1954లో ఒకటే ముక్క అయింది. ఇలాంటి తేడాలు వందల్లో ఉంటాయి. మూడోది వినడానికి బాగుంటుంది. కానీ కొత్త ఇంజిన్ పెడితే గేర్ బాక్స్ మారాలి, వెనుక యాక్సిల్ మారాలి, వైరింగ్ 12 వోల్టులకు మారాలి, ఆ వేగానికి తగ్గ బ్రేకులు కావాలి. ఒకటి మారిస్తే ఇంకో నాలుగు మారతాయి.

పాత ఇంజిన్‌నే ఉంచాలనుకుంటే దాని స్వభావం తెలిసి ఉండాలి. 1953 దాకా వచ్చిన 3.5 లీటర్ల ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ల కింద చిన్న చెంచాల్లాంటివి ఉంటాయి. అవి ఆయిల్‌ను అందుకుంటూ తిరుగుతూ బేరింగులను తడుపుతాయి. ఆ బేరింగులు కూడా మెత్తటి లోహాన్ని కరిగించి పోసినవి. మళ్లీ పోయగలిగిన పనివాళ్లు ఇప్పుడు తక్కువ. అందుకే చాలామంది 1954 నుంచి వచ్చిన 3.9 లీటర్ల ఇంజిన్‌ను ఇందులో అమర్చుకుంటారు. దానిలో ఆయిల్ ఒత్తిడితో అన్ని బేరింగులకూ చేరుతుంది. ఏ ఇంజిన్ ఉన్నా, వెనుక యాక్సిల్ గేర్లు పాతవే అయితే గంటకు 80 కిలోమీటర్ల దగ్గరే బండి ఇక చాలంటుంది. ఇది హైవే మీద దూసుకెళ్లే బండి కాదు.. పొలానికి బస్తాలు మోసిన బండి.

విప్పడం ఒక్క రోజు.. బిగించడం?

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.. మొదటి వారమే మొత్తం విప్పేయడం. చూడ్డానికి పని బాగా జరిగినట్టు ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. విప్పిన ట్రక్ బిగించిన ట్రక్ కంటే రెట్టింపు చోటు తింటుంది. ఇంట్లో కారు ఎండలో నిలబడుతుంది, గొడవ మొదలవుతుంది. అమెరికాలో చాలా కాలనీ సంఘాలు నడవని బండిని ఇంటి ముందు ఉంచనివ్వవు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లెవరైనా ఇలాంటి ప్రాజెక్టు తలపెడితే ముందు ఆ నిబంధనలు చదువుకోవడం మంచిది.

దీనికి మందు తేలికైనదే. ప్రతి భాగం విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయాలి. బోల్టులు, వాషర్లు ఒక చిన్న కవర్‌లో వేసి, ఏ భాగానివో రాసిన చీటీ అందులో పెట్టాలి. తుప్పు తిన్న పాత ముక్కను కూడా పారేయకూడదు. కొత్త ముక్క కోసేటప్పుడు అదే నమూనా. ఒక విభాగం విప్పి, బాగు చేసి, మళ్లీ బిగించాకే ఇంకోదానిలో చెయ్యి పెట్టాలి. ఒక డోర్ పూర్తయి కళ్ల ముందు వేలాడుతుంటే వచ్చే ధైర్యం వేరు.

తుప్పు పట్టిన బోల్టుతో బలప్రయోగం పనికిరాదు. పట్టు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయాలి. కదలకపోతే మళ్లీ కొట్టాలి. తొందరపడితే తల తెగి, మిగిలిన ముక్క లోపలే ఉండిపోతుంది. అప్పుడు ఐదు నిమిషాల పని ఒక పూట అవుతుంది.

పెయింట్ కాదు.. ముందు బ్రేకులు

వీడియోల్లో ఇంజిన్ స్టార్ట్ అయ్యే క్షణమే హైలైట్. కానీ అనుభవం ఉన్నవాళ్లు ముందు చూసేది బండి ఆగుతుందా లేదా అని.

ఈ ట్రక్‌లో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. నాలుగింటికీ ఆయిల్ వెళ్లేది ఒకే దారిలో. అంటే ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు వేర్వేరు దారులు ఉండే పద్ధతి అమెరికా బండ్లలో తప్పనిసరి అయింది 1960ల చివర్లోనే. అందుకే గొట్టాలు, రబ్బరు హోస్‌లు, చక్రాల దగ్గరి సిలిండర్లు అన్నీ కొత్తవి వేయడం మొదటి పని. వీలైతే రెండు దారుల మాస్టర్ సిలిండర్ అమర్చుకోవడం ఇంకా మంచిది.

డ్రమ్ తెరిచినప్పుడు కనిపించే నల్లటి పొడిని ఊదకూడదు. ఆ కాలపు బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తులకు అది విషం. ఎయిర్ గొట్టం పెట్టి కొట్టడం మరీ ప్రమాదం. మాస్క్ పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టి పారేయాలి.

ఆ తర్వాత ఇంజిన్. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజిన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం పెద్ద తప్పు. పిస్టన్లు సిలిండర్ గోడలకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం నూనె వేసి, కొన్ని రోజులు నాననివ్వాలి. తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. తిరిగితే పాత ఆయిల్ తీసి కొత్తది పోసి ముందుకెళ్లాలి.

పాత పెట్రోల్ జిగురుగా మారి ట్యాంక్‌లో, కార్బ్యురేటర్‌లో పేరుకుంటుంది. ఈ సిరీస్‌లో 1949 నుంచి పెట్రోల్ ట్యాంక్ క్యాబిన్ లోపల, సీటు వెనుకే ఉంటుంది. అంటే ట్యాంక్ కారితే ఆవిరి నేరుగా మనుషుల మధ్యకే వస్తుంది. ట్యాంక్ మీద తుప్పు కంత కనిపిస్తే ఇంట్లో వెల్డింగ్ పెట్టాలన్న ఆలోచనే రాకూడదు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. కొత్త ట్యాంక్ వేయడమే తెలివైన పని.

వైరింగ్‌దీ అదే కథ. గుడ్డ చుట్టిన పాత తీగలు పెళుసుబారి ఉంటాయి, ఎలుకలు కొరికి ఉంటాయి. ఒక తీగకు టేపు చుట్టి నడిపేద్దాం అనుకుంటే చివరికి మంటలే. మొత్తం వైరింగ్ సెట్ మార్చేయాలి.

తుప్పు వదిలించే దారులు.. ఒక్కోదానికి ఒక్కో షరతు

పెద్ద రేకులకు గ్రైండర్‌కి బిగించే ఇనుప బ్రష్, ఎమరీ పేపర్ చాలు. కళ్లకు అద్దాలు, ముఖానికి షీల్డ్ తప్పనిసరి. బ్రష్ తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి.

ఇసుక కొట్టించడం వేగంగా అయిపోతుంది. మందంగా ఉండే ఛాసిస్‌కి, చక్రాలకు బాగుంటుంది. బానెట్, డోర్ లాంటి వెడల్పు రేకుల మీద గట్టిగా కొడితే రేకు వంకర్లు పోతుంది, మళ్లీ సరి కాదు. పైగా మామూలు ఇసుక ధూళి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఇది ఇంటి పెరట్లో చేసే పని కాదు.

చిన్న భాగాలకు ఇంట్లో తేలిగ్గా చేసే పద్ధతి ఒకటుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కలుపుతారు. బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ తీగను తుప్పు భాగానికి, పాజిటివ్ తీగను ఒక పనికిరాని ఇనుప ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా నీటిలో ఉంచుతారు. కొన్ని గంటల్లో తుప్పు వదులైపోతుంది, మంచి లోహం అరగదు. ఇక్కడ రెండు హెచ్చరికలు. ఇందులోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. రెండోది చాలామందికి తెలియదు.. ఇనుప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ గరిటె, గిన్నె లాంటివి వాడకూడదు. అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి దిగుతుంది. అది క్యాన్సర్ కారకం.

తుప్పు వదిలించాక అసలు పరుగు మొదలవుతుంది. శుభ్రమైన రేకును గాలికి వదిలేస్తే, గాలిలో తేమ ఎక్కువుంటే గంటల్లోనే మళ్లీ ఎర్ర పొర కడుతుంది. ఎంత భాగానికి ఆ రోజే ప్రైమర్ కొట్టగలరో అంతే శుభ్రం చేయాలి.

పాత పెయింట్ విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ రోజుల్లో రంగుల్లో సీసం కలిపేవాళ్లు. ఆ ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రుద్దేచోటికి పిల్లల్ని రానివ్వకూడదు. పని బట్టలతో ఇంట్లోకి వెళ్లకూడదు.

కొత్త రేకు అతకడం.. ఇక్కడే ఓపికకు పరీక్ష

కంత ఎంత ఉందో అంతే కోస్తే సరిపోదు. చుట్టూ గట్టి లోహం తగిలేదాకా కోయాలి. పల్చబడిన అంచుకు వెల్డింగ్ పెడితే కరిగి కంత ఇంకా పెద్దదవుతుంది.

డోర్ కింద పట్టీ, ఫ్లోర్ కోసే ముందు క్యాబిన్ లోపల ఇనుప కడ్డీలతో అడ్డంగా తాత్కాలిక ఊతం వెల్డ్ చేయాలి. లేకపోతే క్యాబిన్ కొద్దిగా కుంగుతుంది. అప్పుడు తెలియదు. అంతా అయిపోయాక డోర్ వేస్తే మూత పడదు. డోర్లు తగిలించి, సందులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే చివరి వెల్డింగ్ వేయాలి.

పల్చటి రేకు మీద ఒకే గీతగా వెల్డింగ్ లాగితే వేడికి అల్లాడిపోతుంది. అందుకే ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క దూరంగా, చల్లారాక మళ్లీ మధ్యలో.. ఇలా చుక్కలు కలుపుకుంటూ పోతారు. అరచెయ్యి వెడల్పు ముక్క అతకడానికి ఒక పూట పట్టడం మామూలే. వీడియోలో ఇది పది సెకన్లు.

అన్నింటికంటే తక్కువ మందికి తెలిసిన ప్రమాదం ఇక్కడే ఉంది. కొన్ని బ్రేక్ క్లీనర్ స్ప్రేలలో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి. దానితో తుడిచిన రేకు మీద వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధంగా వాడిన విషవాయువు అదే. కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వెల్డింగ్‌కు ముందు ఆ రకం స్ప్రే అసలు వాడకూడదు.

బండి కింద దూరేటప్పుడు జాకీని ఎప్పుడూ నమ్మకూడదు. జాకీ ఉన్నది లేపడానికి మాత్రమే. బరువు మోయాల్సింది స్టాండ్లు. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, బండిని చేత్తో ఊపి చూశాకే కిందికి వెళ్లాలి.

చివర్లో వచ్చేది రంగు, చెక్క

ఈ పాత పికప్‌ల వెనుక తొట్టిలో నేల రేకు కాదు, చెక్క పలకలు. పలకల మధ్య ఇనుప పట్టీలు ఉంటాయి. ఇంటి ప్రాజెక్టులో అందరూ ఇష్టపడే పని ఇది. చెక్క పనిలో కాస్త చెయ్యి తిరిగినవాళ్లు ఒకటి రెండు సెలవుల్లో పూర్తి చేస్తారు. పలకల అడుగువైపు, అంచులకు కూడా వార్నిష్ పట్టించడం మర్చిపోకూడదు. నీరు చేరేది అక్కడి నుంచే.

పెయింట్ మాత్రం చాలామంది షెడ్డుకే వదిలేస్తారు. గట్టిపడే ద్రావకం కలిపే ఇప్పటి కార్ పెయింట్లలో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీలిస్తే ఆస్తమా రావొచ్చు, మామూలు గుడ్డ మాస్క్ ఆపలేదు. ఇంట్లో లప్పం, ప్రైమర్, రుద్దుడు పూర్తిచేసి, చివరి కోటుకు బయట ఇవ్వడం రాజీ మార్గం. కొత్త పెయింట్ ఎలా కనిపిస్తుందో నిర్ణయించేది చివరి కోటు కాదు.. దాని కింద ఎంత ఓపిగ్గా రుద్దారన్నదే.

మన దగ్గర చేయాలంటే?

షెవర్లే మనకు కొత్తేం కాదు. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో కార్లు, ట్రక్కులు, బస్సులు బిగించి అమ్మింది. ఆ కాలపు బండ్లు ఇప్పుడు దొరకడం అరుదు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సరదా ఉన్నవాళ్లకు చేతికందేది పాత మహీంద్రా జీపు, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటివే. పైన చెప్పిన తుప్పు పరీక్షలు, పని వరస వాటికీ వర్తిస్తాయి.

చట్టం విషయంలో మాత్రం ముందే జాగ్రత్త పడాలి. కేంద్రం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. నంబర్ ప్లేట్‌లో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, తర్వాత రెన్యువల్‌కు రూ.5,000. పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోల్ పోయించుకోవడం, మరమ్మతులు.. వీటికే రోడ్డెక్కాలి. వ్యాపారానికి వాడకూడదు.

ఇందులో అసలు మెలిక ఇది. బండి దాని అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేస్తే వింటేజ్ హోదా రాదు. అంటే కొత్త ఇంజిన్, కొత్త హంగుల దారి ఎంచుకున్నవాళ్లకు ఈ తలుపు మూసుకున్నట్టే. పైగా ఈ నిబంధనలు టూవీలర్లకు, మనుషులు ప్రయాణించే నాలుగు చక్రాల బండ్లకు ఉద్దేశించినవి. సరుకు బండిగా రిజిస్టరైన పికప్ అయితే, డబ్బు చేతులు మారకముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

వింటేజ్ కాకపోయినా అంతే. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని సొంతంగా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలంటే ముందు రవాణా శాఖ అనుమతి ఉండాలి. వేరే దేశపు వీడియో చూసి మొదలుపెడితే, బండి తయారయ్యాక గేటు దాటలేని పరిస్థితి రావొచ్చు.

కొనే ముందు ఈ ఆరు చూసుకోండి

1. కాగితాల్లోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా? బకాయి పన్ను, చలాన్లు, ఫైనాన్స్ ఏమైనా ఉన్నాయా?

2. ఛాసిస్ నిటారుగా ఉందా? క్యాబిన్ మౌంట్లు గట్టిగా ఉన్నాయా?

3. అయస్కాంతం ఎక్కడెక్కడ పట్టు వదులుతోంది?

4. స్పార్క్ ప్లగ్గులు తీసి చేత్తో తిప్పితే ఇంజిన్ తిరుగుతోందా?

5. అద్దాలు, గ్రిల్, లైట్లు, హ్యాండిళ్లు అన్నీ ఉన్నాయా? తుప్పు రేకు తయారు చేసుకోవచ్చు, లేని భాగాన్ని వెతికి పట్టుకోవడమే కష్టం.

6. బండి విప్పితే పెట్టడానికి వాన పడని చోటు ఉందా? ఇంట్లోవాళ్లు ఎంతకాలం ఆ చోటు వదులుకోగలరు?

లాభం కోసం చేసేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. విడిభాగాలు, పెయింట్, క్రోమ్ ఖర్చుకు సొంత కష్టం విలువ కూడా కలిపితే, అమ్మకంలో ఆ మొత్తం తిరిగి రావడం అరుదు. తన చేత్తో చేసిన బండిలో ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ఒక ఆదివారం అలా తిరిగి రావడమే లాభం అనుకునేవాళ్లకు మాత్రం ఇది సరైన పనే. అలాంటివాళ్లు మొదట తీసుకోవాల్సింది రంగుల క్యాటలాగ్ కాదు.. కొత్త బ్రేక్ గొట్టాలు, రెండు జతల గట్టి స్టాండ్లు.